మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన చీటీ: రొయ్యల మీద బతికే ఒక ఇంటి కేస్ స్టడీ

ఆ ఇంట్లో మొదట ఆగింది పాలు. తర్వాత గుడ్లు. ఆ తర్వాత పెద్దావిడ బీపీ మాత్రలు సగమయ్యాయి. నెలకు ఎనిమిదిన్నర వేల చీటీ మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. దాన్ని కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని నాకు తెలిసేసరికి దాదాపు మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ నేను తప్పు చోట వెతికాను. ఈ కేసు రాసిపెట్టడానికి ముఖ్య కారణం అదే.

నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నెల్లూరు జిల్లాలో ఆర్థిక అక్షరాస్యత కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, మండలం, కంపెనీ, ఫైనాన్స్ సంస్థ, మనుషుల పేర్లు ఏవీ చెప్పను. గుర్తుపట్టకుండా ఉండటానికి కొన్ని అంకెలు కొద్దిగా మార్చాను గానీ, వాటి మధ్య ఉన్న లెక్క మాత్రం చెదరలేదు.

నేపథ్యం

సముద్రం వైపు మండలం. వరి పండిన పొలాలు చాలావరకు రొయ్యల గుంటలైన ఊరు. 2009లో మన దేశంలో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాత ఇలాంటి ఊళ్లలో గుంట ఉన్నవాళ్లే కాదు, లేనివాళ్లు కూడా రొయ్య మీదే బతకడం మొదలుపెట్టారు. మేత బస్తాలు మోసేవాళ్లు, ఐస్ కొట్టేవాళ్లు, పట్టుబడికి (గుంటలోంచి రొయ్యలు తీసేటప్పుడు) వలలాగేవాళ్లు, కంపెనీల్లో తలలు తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్లు, అందరూ.

ఈ ఇంటాయనకు నలభై దాటాయి. ఫైనాన్స్‌లో తీసుకున్న చిన్న సరుకుల బండి ఉంది. గుంటల దగ్గరికి ఐస్, మేత తోలతాడు, పట్టుబడి రోజున క్రేట్లు కంపెనీకి చేరుస్తాడు. ఆమె రొయ్యల కంపెనీలో పీలింగ్ పనికి పోతుంది, రోజుకు 450 రూపాయలు. డ్వాక్రా సంఘంలో రెండో లీడర్. కూతురు ప్రైవేటు కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం, కొడుకు సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. ఆయన తల్లి కూడా వీళ్లతోనే ఉంటుంది. ఆవిడకు నెలకు 4,000 పెన్షన్.

బాగా నడిచిన నెలల్లో డీజిల్, రిపేర్లు పోను బండి మీద 32 వేలు మిగిలేవి. ఆమె కూలి 10 వేల పైచిలుకు. పెన్షన్‌తో కలిపి ఇంటికి 46 వేలు. ఖర్చు వైపు చూస్తే బండి ఈఎంఐ 14,600, ఇంకా 22 నెలలు ఉంది. చీటీ 2 లక్షలది, 20 నెలలు. పాటలో తగ్గేది పోను సగటున నెలకు 8,500. ఆయన పేరున ఎల్ఐసీ, మూడు నెలలకోసారి 6,150, అంటే నెలకు 2,050. సంఘం అప్పు వాయిదా, పొదుపు కలిపి 3,400. ఈ నాలుగూ కలిస్తే 28,550. ఇంటి ఖర్చుకు 15 వేలు. ఏటికేడు మిగిలేది పెద్దగా లేకపోయినా చెయ్యి చాచకుండా నడిచిన ఇల్లు.

ఇక్కడ ఒక సంగతి మొదటి రోజే నా కంట పడాల్సింది, పడలేదు. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తున్నారు కాబట్టి ఒకరిది తగ్గినా ఇంకొకరిది ఆదుకుంటుందని అనుకున్నాను. కానీ ఆయన బండి, ఆమె కూలి రెండూ ఒకే గుంట నీళ్లు. అది ఎండితే రెండూ ఒకేసారి ఎండుతాయి.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. 27న దాన్ని 50 శాతం చేసింది. అంతకుముందు నుంచీ రొయ్యల మీద ఉన్న సుంకాలు దీనికి అదనం. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికా. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ రొయ్యలు పండించేది ఆంధ్రప్రదేశ్. రేట్లు పడిపోయాయి, చాలామంది రైతులు పట్టుబడి అయ్యాక మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వదల్లేదు. గుంట ఖాళీగా ఉంటే మేత అక్కర్లేదు, ఐస్ అక్కర్లేదు, బండి అక్కర్లేదు. రైతు నష్టం గురించి పేపర్లో వస్తుంది, వినతిపత్రాలు ఇస్తారు. బండి తోలేవాడి నష్టం, పొట్టు ఒలిచే ఆమె నష్టం ఏ లెక్కలోనూ కనపడదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సెప్టెంబర్ నుంచి బండి మీద మిగిలేది 17 వేలకు దిగింది. ఆమెకు నెలలో 12 రోజులే పని, అంటే 5,400. పెన్షన్‌తో కలిపి 26,400. కట్టాల్సినవే 28,550. ఇంకా పొయ్యి వెలిగించకముందే రెండు వేలు తక్కువ.

వాళ్లు చెప్పిన సమస్య

నవంబర్ మొదటి వారంలో, మొంథా తుఫాను వానలు తెరిపిచ్చాక, ఇద్దరూ వచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, మాట్లాడింది ఆమే. "ఇంటి ఖర్చు ఇంకా ఎట్టా తగ్గించాలో చెప్పండి సార్. తగ్గించగలిగినకాడికి తగ్గించాం" అంది.

తగ్గించింది నిజమే. లీటరు పాలు అర లీటరయ్యాయి, తర్వాత అదీ లేదు, టీ మానేశారు. వారానికి రెండుసార్లు వండే చేపల పులుసు లేదు. కొడుకు ట్యూషన్ ఆపేశారు. కూతురి కాలేజీ బస్సు ఆపేశారు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఆ పిల్ల పల్లెవెలుగులో పోతోంది. ఇది మాత్రం నష్టం లేని తగ్గింపు, నెలకు 1,200 మిగిలాయి. పెద్దావిడ రోజూ వేసుకోవాల్సిన బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోందని మాటల మధ్యలో తెలిసింది. అలా 15 వేల ఇంటి ఖర్చు 9,500కు వచ్చింది.

మాత్రల విషయం మాత్రం ఆ రోజే తేల్చాను. బీపీ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. "ఊరికే ఇచ్చే మాత్రలు పని చెయ్యవంట గదా" అని పెద్దావిడ నమ్మకం. నేను కూడా అవే వేసుకుంటానని చెప్పి, మర్నాడు చూపించుకు రమ్మన్నాను. చూపించుకున్నారు. ఈ కేసులో నేను మొదటిసారే సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

మొదటి ప్రయత్నం: లెక్కల పుస్తకం

మాకు ట్రైనింగ్‌లో మొట్టమొదట నేర్పేది ఇదే. ఖర్చు రాయించు, రాస్తే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. ఒక నోటుబుక్కు ఇచ్చి పదిహేను రోజులు ప్రతి రూపాయీ రాయమన్నాను. ఎందుకంటే వాళ్లు అడిగింది ఖర్చు తగ్గించడం గురించి, అడిగినదానికే జవాబు చెప్పాలనుకున్నాను.

ఆరు రోజులు రాసి ఆపేసింది. ఏడో రోజున ఆయన టీకి, బీడీలకు పెట్టిన 40 రూపాయల దగ్గర గొడవైంది. పుస్తకం ఇంట్లో అందరి చేతికీ దొరుకుతుంది. అది లెక్కలా కాకుండా నేరాల చిట్టాలా కనిపించింది వాళ్లకు. ఆయన రెండు రోజులు ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదట.

ఆ ఆరు పేజీలు నేను తర్వాత చాలాసార్లు తిప్పి చూశాను. కొత్తిమీర 10, రీచార్జి 199, అల్లం 15, పెన్ను 10. అన్నీ ఉన్నాయి. ఈఎంఐ లేదు, చీటీ లేదు, వడ్డీ లేదు. ఎందుకు రాయలేదని అడిగితే "అవి ఖర్చులు కాదు గదా సార్, కట్టేవి" అంది. ఆమె మాటలో తప్పు లేదు. మన ఇళ్లలో ఖర్చు వేరు, కట్టుబడి వేరు. ఖర్చు అంటే తగ్గించుకోదగింది. కట్టుబడి అంటే మాటిచ్చింది. నేను ఇచ్చిన పుస్తకం మొదటిదాన్నే అడిగింది. గుంట గట్టు ఒకవైపు తెగిపోతుంటే, నేను వాళ్లను ఎండ్రకాయ బొక్కలు పూడ్చమని కూర్చోబెట్టాను.

ఈలోపే ఇంకో ప్రయత్నం కూడా చేశాను. ఆయన్ను ఫైనాన్స్ ఆఫీసుకు పంపి మూడు నెలలు వాయిదా ఆపమని అడగమన్నాను. 2020లో కరోనా అప్పుడు రిజర్వ్ బ్యాంకు మారటోరియం (వాయిదాలకు విరామం) ఇచ్చింది, వాళ్లకు అది బాగా గుర్తుంది. మళ్లీ అలాంటిదే వస్తుందని ఊళ్లో చాలామంది అప్పట్లో ఎదురుచూశారు. నవంబర్ మధ్యలో రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఒకటి ప్రకటించింది గానీ అది సుంకాల దెబ్బ తగిలిన ఎగుమతిదారుల అప్పులకు. ఎగుమతిదారుడి దగ్గర సరుకు తోలే బండికి కాదు. వట్టి చేతుల్తో పోయి అడిగాడు, కుదరదన్నారు. తల దించుకుని తిరిగొచ్చాడు. ఆయన్ను ఒంటరిగా పంపడం నా పొరపాటు.

తేదీల కాగితం

పుస్తకం ఆగిపోయాక మూడోసారి కలిసినప్పుడు వేరే రకంగా అడిగాను. ఖర్చు సంగతి వదిలెయ్యమని చెప్పి, ఒక తెల్ల కాగితం మీద 1 నుంచి 30 దాకా అంకెలు వేశాను. ఏ తేదీన ఎవరికి డబ్బు ఇవ్వాలో చెప్పమన్నాను.

ఆమె గడగడా చెప్పింది. ఐదో తేదీ బండి. పదో తేదీ చీటీ. పన్నెండు సంఘం. ఎల్ఐసీ నవంబర్‌లో కట్టాల్సింది, ఇంకా కట్టలేదు. తర్వాత, ఇరవయ్యో తేదీ దగ్గర ఆగిపోయింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. నేను ఏమీ అడగలేదు. కొంచెంసేపటికి "ఇరవైన వడ్డీ సార్, 1,350" అంది.

సెప్టెంబర్‌లో 20 వేలు, అక్టోబర్‌లో 25 వేలు. ప్రోనోటు రాసిచ్చి, నూటికి నెలకు మూడు రూపాయలకు తెచ్చారు. అందులో పది వేలు కూతురి కాలేజీకి పోయాయి. 17 వేలు నేరుగా చీటీకి పోయాయి. మిగతాది ఈఎంఐకి, ఇంటికి. నవంబర్‌లో ఇంకా అప్పు పుట్టలేదు, అందుకని చిల్లర అంగడిలో ఖాతా 11 వేలకు చేరింది. అప్పు తెచ్చింది ఈ ఊళ్లో కాదు, రెండు ఊళ్ల అవతల. ఎందుకంటే ఇక్కడ తెస్తే సంఘంలో తెలుస్తుంది. సంఘంలో అంతర్గత పొదుపు నుంచి రూపాయి వడ్డీకే అప్పు దొరుకుతుంది. అది అందరికీ ఇప్పించే రెండో లీడరే, తనకు కావాలని అడగలేక మూడు రూపాయలకు బయట తెచ్చింది.

ఇక్కడే లెక్క వేసి చూపించాను. చీటీకి 20 నెలల్లో కట్టేది 1,70,000. ఆఖరి దాకా ఆగి ఎత్తితే, అంటే చీటీ డబ్బు తీసుకుంటే, నిర్వాహకుడి కమీషన్ 10 వేలు పోను 1,90,000 వస్తుంది. డబ్బు నెలనెలా కొంచెం కొంచెం కట్టారు కాబట్టి సగటున పది నెలలకు వచ్చిన లాభం అది. అంటే సుమారు రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీ సంపాదించడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడుతున్నారు. ఆమె కాగితం వైపు చాలాసేపు చూసింది. "ఈ లెక్క నాకు తెలవదని కాదు సార్, చీటీ ఆపితే ఊళ్లో మాట పోద్ది" అంది.

2020తో పోలిస్తే తేడా ఇక్కడే ఉంది. అప్పుడు అందరి ఇళ్లూ ఒకేసారి ఆగిపోయాయి. ఎవరూ ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు. దేశం మొత్తం మీద ఆ ఏడాది కుటుంబాల నికర ఆర్థిక పొదుపు (అప్పులు పోను మిగిలేది) జీడీపీలో 11 శాతం దాటింది, ఖర్చు పెట్టే దారులే లేవు కాబట్టి. 2022-23కి అదే 5 శాతం దగ్గరికి పడిపోయింది. 2025లో మా జిల్లాలో ఈ దెబ్బ తగిలింది రొయ్యల ఊళ్లకే. నెల్లూరు టౌన్‌లో దీపావళికి జీఎస్టీ తగ్గింపు ఆఫర్ల బోర్డులు వెలుగుతూనే ఉన్నాయి. పక్కింట్లో జీతం వచ్చే మనిషి ఉంటే వాళ్ల పండగ మామూలుగానే జరిగింది. కష్టం అందరిదీ కానప్పుడు దాన్ని దాచుకోవాలనిపిస్తుంది. దాచుకోవడానికి పట్టే ఖర్చే ఆ 17 వేలు.

బంగారం దగ్గర నేను ఓడిపోవడం

నా తర్వాతి సలహా బంగారం. ఆమె దగ్గర నాలుగు సవర్లు ఉన్నాయి. పది గ్రాముల మేలిమి బంగారం లక్షా ఇరవై వేలు దాటిన రోజులు. ఒక్క సవర కుదువ పెట్టినా బ్యాంకులో 45 వేలు వస్తుంది. సంవత్సరానికి 9 శాతం అనుకుంటే నెలకు వడ్డీ 340 లోపే. ఇప్పుడు కడుతున్నది 1,350. బ్యాంకులో ముప్పై ఏళ్లు గోల్డ్ లోన్లు ఇచ్చిన మనిషిగా ఇంతకన్నా తేలికైన నిర్ణయం ఉండదనుకున్నాను. గట్టిగానే చెప్పాను.

పది రోజులు వాళ్లు కనపడలేదు. ఫోన్ చేస్తే కట్ అయింది.

తర్వాత తెలిసింది. 2020లో పని లేనప్పుడు ఆమె గాజులు కుదువ పెట్టారు, విడిపించలేకపోయారు, మరుసటి ఏడు వేలానికి పోయాయి. ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు అవి. "పెట్టింది మళ్లీ నా చేతికి రాదు సార్" అంది. నా లెక్కలో వడ్డీ రేటు ఉంది, ఆమె లెక్కలో గాజులు ఉన్నాయి. పైగా ఆలోచిస్తే ఆమె భయంలో లెక్క కూడా ఉంది. నెలనెలా లోటు అలాగే ఉండగా బంగారం పెట్టి పాత అప్పు తీరిస్తే, రెండు నెలల్లో కొత్త అప్పు పుడుతుంది, బంగారమూ బ్యాంకులోనే ఉంటుంది. కారే కుండలో నీళ్లు పోసే పని నేను చెప్పాను. ముందు లోటు మూయాలి.

మలుపు

డిసెంబర్ మొదట్లో నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇలా వెళ్లడం మా పద్ధతి కాదు గానీ, పెద్దావిడ మాత్రలు ఎలా ఉన్నాయో కనుక్కోవచ్చన్న సాకు నాకుంది.

ఆవిడ పుట్టింది కలిగిరి వైపు మెట్ట పల్లెలో. 1990ల మొదట్లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లతో పాటు ఈవిడా తిరిగింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలిచేసరికి ఈ జిల్లా ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు, అదే పొదుపులక్ష్మి. ఇప్పటి డ్వాక్రా సంఘాలకు ఈ జిల్లాలో వేళ్లు అక్కడే ఉన్నాయి. ఆవిడ పాత పొదుపు పుస్తకం పెట్టెలోంచి తీసి చూపించింది. అట్ట ఊడిపోయింది, లోపల వేలిముద్రలు ఉన్నాయి.

చీటీ గురించి మాట్లాడుతున్నప్పుడు ఆవిడ కోడలి వైపు తిరిగి అంది: "మేం రోజుకో రూపాయి ఏసింది పేరు కోసమా? కడుపు మాడినప్పుడు తీసుకునేదానికి గదమ్మా. ఆ చీటీ మాత్రం దేనికి?" కోడలు పలకలేదు. "సంఘంలో నువ్వు అడగలేకపోతే నేను పోయి అడగతా" అని కూడా అంది.

నేను నెల రోజుల్లో చెప్పలేకపోయిన మాట అది. పొదుపు ఆపడం పరువు తక్కువ అని ఆమె అనుకుంటోంది. కష్టంలో పొదుపు వాడుకోవడం కోసమే పొదుపు ఉందని, ఆ మాట చెప్పే హక్కున్న మనిషి చెప్పింది.

పనిచేసినవి

చీటీ విషయంలో మూడు దారులున్నాయి. ఒకటి, ఆపెయ్యడం. ఆపేస్తే కట్టింది ఆఖర్న కోతలతో వస్తుంది, మాటా పోతుంది. రెండోది, వెంటనే పాడుకోవడం, అంటే పాటలో తగ్గించి పాడి చీటీ డబ్బు ముందే తీసుకోవడం. పది నెలలు కట్టారు, పాట తగ్గింపు పోను లక్షా అరవై, డెబ్భై వేలు చేతికి వచ్చేవి. నేను దీని వైపు బాగానే మొగ్గాను, ఎందుకంటే అది రిజిస్టర్ కాని ఊరి చీటీ. పాడనివాళ్ల డబ్బే అన్నిటికన్నా ముప్పులో ఉంటుంది. కానీ పాడుకున్నాక ఇంకా పది నెలలు తప్పకుండా కట్టాలి, జామీను కావాలి. ఆదాయం సగమైన ఇంట్లో లక్షన్నర చేతికొస్తే మూడు నెలల ఈఎంఐలు, అంగడి, కాలేజీ కలిసి దాన్ని తినేస్తాయి, వాయిదా మాత్రం మిగులుతుంది.

మూడోది ఆమెకే తట్టింది. సగం చీటీ ఇంకొకరికి ఇవ్వడం. అర చీటీలు మన ఊళ్లలో మామూలే. వాళ్ల వీధిలోనే, నెల జీతం వచ్చే ఒకామెకు చీటీలో చేరాలని ఎప్పటినుంచో ఉంది. సగానికి అప్పటిదాకా కట్టింది 42,500. ఆమె 40 వేలకు ఒప్పుకుంది. చీటీ నడిపే ఆయనకు వాయిదా ఆగదు కాబట్టి అభ్యంతరం లేదు. నేను పట్టుబట్టింది ఒక్కటే. ముగ్గురూ సంతకాలు పెట్టిన కాగితం ఉండాలి, 40 వేలు బ్యాంకు ఖాతా ద్వారానే రావాలి. 2,500 పోయిందని ఆమెకు కొంచెం బాధ. రెండు నెలల వడ్డీ 2,700 అని గుర్తుచేశాను.

సంఘానికి పెద్దావిడ పోనక్కర్లేకపోయింది. కోడలే మీటింగులో అడిగింది. 15 వేలు, రూపాయి వడ్డీ, నెలకు 1,500 చొప్పున కట్టుకోవాలి. అడిగిన రోజున మరో ఇద్దరు కూడా తమకూ బయట అప్పులున్నాయని చెప్పారట. 40 వేలు, ఇందులోంచి 5 వేలు కలిపి మూడు రూపాయల అప్పు మొత్తం తీర్చి ప్రోనోటు చింపించుకున్నారు. మిగతా 10 వేలు అంగడికి.

అంగడికి ఎందుకని ఆయన అడిగాడు. అంగడి ఖాతాకు వడ్డీ లేదు కదా, ఆ పదివేలు చేతిలో ఉంచుకోవచ్చు కదా అని. సబబైన ప్రశ్న. నా ఆలోచన ఇది: ఇలాంటి ఊళ్లో చివరికి మిగిలే ఆసరా అంగడి ఖాతాయే. అంగడి ఆయన కూడా రొయ్యల ఊరివాడే. ప్రతి ఇల్లూ పాలు, నూనె తగ్గించి, పైగా ఖాతా పెంచితే ఆయనకు సరుకు తెచ్చుకునే డబ్బు ఉండదు, ఒకరోజు అందరికీ అరువు ఆపేస్తాడు. ఒక్క ఇల్లు పొదుపు చేస్తే ఆ ఇంటికి మంచిది, ఊరంతా ఒకేసారి చేస్తే అందరి రాబడీ తగ్గుతుందని ఆర్థికవేత్త కీన్స్ 1930ల మాంద్యం రోజుల్లో చెప్పాడు. టౌన్‌లో కూర్చుంటే అది పాఠం. ఆ వీధిలో మధ్యాహ్నమే సగం మూసిన టిఫిన్ అంగడిని చూస్తే అర్థమవుతుంది. ఊరి కోసం ఖర్చు పెట్టమని ఏ ఇంటికీ చెప్పలేను. ఎక్కడ బాకీ ముందు తీర్చాలో మాత్రం చెప్పగలను.

ఫైనాన్స్ ఆఫీసుకు ఈసారి నేనూ వెంట వెళ్లాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రిప్పులు రాసుకున్న పుస్తకం జిరాక్సులు పట్టుకెళ్లాం. వాయిదా ఆపమని అడగలేదు, గడువు పెంచమని అడిగాం. ఇంతవరకూ ఒక్క వాయిదా కూడా తప్పలేదని ముందే చెప్పాం. ఒక వాయిదా తప్పాక వెళ్లి ఉంటే మాట వేరుగా ఉండేది. జనవరి నుంచి 14,600 బదులు 10,900, 22 నెలలు కాస్తా 31 అయ్యాయి. మొత్తం మీద దాదాపు 17 వేలు ఎక్కువ కడతారు. ఈ సంగతి ఆయనకు రెండుసార్లు విప్పి చెప్పి, ఒప్పుకున్నాకే సంతకం పెట్టించాను. నెలకు 3,700 తగ్గకపోతే ఆ లోటు మళ్లీ మూడు రూపాయల వడ్డీకే పోతుంది, అప్పుడు 17 వేలతో ఆగదు. బండి అమ్మేద్దామని ఒక దశలో ఆయన అన్నాడు. అప్పటికే ఊళ్లో నాలుగైదు బండ్లు అమ్మకానికి ఉన్నాయి, రేటు బాకీకి కూడా సరిపోదు.

ఎల్ఐసీ సరెండర్ చేద్దామని కూడా అనుకున్నారు. వద్దన్నాను. రాత్రిళ్లు బండి తోలే మనిషి, ఆ ఇంట్లో ఆయన ప్రాణానికి ఉన్న బీమా అదొక్కటే. గడువు దాటినా నెల రోజుల గ్రేస్ ఉంటుంది కాబట్టి ఆలోపు కట్టారు. సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి 135 రూపాయలు తగ్గింది. చిన్న మొత్తమే, ఆమె మాత్రం చాలా సంతోషపడింది.

బండికి వేరే సరుకు వెతకడం ఆయన సొంతంగా చేశాడు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌కు వారానికి రెండు ట్రిప్పులు దొరికాయి. డీజిల్ పోను నెలకు 4 వేలు. ఎక్కువేమీ కాదు, కానీ రొయ్యతో సంబంధం లేని మొదటి రాబడి.

పని చెయ్యనివి, మిగిలిపోయినవి

కొడుకు ట్యూషన్ మళ్లీ పెట్టలేకపోయారు. కూతురి కాలేజీ రెండో విడత ఫీజు ఇంకా బాకీ ఉంది, మార్చి దాకా గడువు అడిగారు. ఆయన బీడీలు మానలేదు, నేనూ మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. చేతిలో ఒక నెల ఖర్చయినా ఉంచుకోవాలన్నది నా కోరిక. అది కుదరలేదు, కనుచూపు మేరలో కుదిరేలా కూడా లేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మార్చుకున్నవి ఉన్నాయి. ఆదాయం హఠాత్తుగా పడిన ఇంటికి నేనిప్పుడు లెక్కల పుస్తకం ఇవ్వడం లేదు. తేదీల కాగితంతోనే మొదలుపెడుతున్నాను, ఎక్కడ మాట ఆగిందో అక్కడ నేనూ ఆగుతున్నాను. ఇంట్లో ఎంతమంది సంపాదిస్తున్నారని కాక, ఎన్ని రకాల రాబడి ఉందని అడుగుతున్నాను. పాలు, గుడ్లు, మందులు ఎప్పుడు మానేశారో మొదటి రోజే అడుగుతున్నాను. అవి ఆగాయంటే ఆ వెనకాల తగ్గించడానికి మనసొప్పని పెద్ద కట్టుబడి ఏదో ఉందని నా అనుభవం. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను బయట కూర్చోబెట్టి మాట్లాడటం మానేశాను.

జనవరి లెక్క ఇది. బండి 21 వేలు, కూలి 14 రోజులకు 6,300, పెన్షన్ 4 వేలు. మొత్తం 31,300. కట్టాల్సినవి ఈఎంఐ 10,900, అర చీటీ 4,250, ఎల్ఐసీకి పక్కన పెట్టాల్సింది 2,005, సంఘం 3,400, అంతర్గత అప్పు 1,500, మొత్తం 22,055. ఇంటికి మిగిలింది 9,245. నవంబర్‌లో తిన్నదానికన్నా ఎక్కువేమీ కాదు. కాకపోతే అందులో మాత్రల ఖర్చు లేదు, రెండు ఫోన్ల రీచార్జి తీసేశారు. ఆ మిగిలినదాంట్లో అర లీటరు పాలు మళ్లీ వచ్చాయి. కొత్త అప్పు లేదు.

సంక్రాంతి అయ్యాక ఆమె ఒక్కతే వచ్చింది. సంచిలోంచి తేదీల కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఇరవయ్యో తేదీ గడి ఖాళీగా ఉంది. పదో తేదీ గడి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"ఫిబ్రవరి పాటలో మా సగం ఎత్తుదామా, ఆగుదామా సార్? వాళ్ల సగం వాళ్లు ఇప్పుడే ఎత్తాలంటున్నారు" అంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాం. కాగితం వెనకవైపు తిప్పి, మళ్లీ 1 నుంచి అంకెలు వేశాను.